108 కొడితే ఎవరెత్తాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే ఏసీ గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ నొక్కడమే అనుకుంటారు మా చుట్టాలు. నేను రాసే ప్రోగ్రాములు ఆఫీసు ఫోన్లలో నడుస్తాయి. ఏ నంబరు కొడితే ఏ గదిలో మోగాలి, ఎత్తకపోతే ఎవరికి పోవాలి, సున్నా నొక్కితే బయటి లైను ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు. ఇదీ పని. మాది చిన్న కంపెనీ కాబట్టి బిగించడానికీ మేమే వెళ్లాలి. క్రింపింగ్ టూల్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. బీటెక్ చదివించింది నిచ్చెనలెక్కడానికా అని మా నాన్న ఇప్పటికీ అంటుంటారు.

నిజానికి వైర్లు లాగడం కష్టమేం కాదు. ఒకప్పుడు ఈపీఏబీఎక్స్ అంటే గోడకు తగిలించిన పెద్ద పెట్టె. ఇంకో నాలుగు ఫోన్లు కావాలంటే ఇంకో కార్డు కొనాలి. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు తన చిన్న కంపెనీకి అలాంటి పెట్టె కొనే స్తోమత లేక తనే ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్. అంటే ఫోను మీద ఉండే నక్షత్రం గుర్తు. దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఇప్పుడు మామూలు కంప్యూటర్‌లో అది వేసేస్తే ఆఫీసంతా నడిచిపోతుంది. మా కంపెనీ తినే తిండి ఆ కుర్రాడి పుణ్యమే.

కష్టమంతా నంబర్ల దగ్గర వస్తుంది.

పోయిన ఏడాది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. పిడుగు పడి పాత సిస్టమ్ కాలిపోయింది. ముందు సీజను. టిక్కీలు వేసుకుని ట్రాక్టర్లు వచ్చేస్తున్నాయి, రైతులేమో ‘ఖాళీ ఉందా’ అని ఫోన్లు చేస్తున్నారు. రెండు రోజుల్లో అయిపోవాలన్నారు. పాత నంబర్ల జాబితా రిసెప్షన్ బల్ల మీద అద్దం కింద ఉంది. 100 రిసెప్షన్, 101 మేనేజరు, 102 అకౌంట్స్, అలా కాటా, గేటు, ఇంజన్ రూము. 108 దగ్గర ‘పెద్దాయన’ అని ఎర్ర ఇంకుతో రాసుంది.

‘‘ఈ నంబర్లే ఉంచెయ్ బాబూ, అందరికీ నోటికొచ్చు’’ అన్నారు పెద్దాయన.

నేను 108 మార్చాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. జపమాలలో పూసలు 108, అష్టోత్తరంలో నామాలు 108, కలిపితే తొమ్మిది. ‘‘అంబులెన్సు కంటే ముందు నాదయ్యా ఆ నంబరు’’ అన్నారు. అదీ నిజమే. అంబులెన్సుకి 108 వచ్చింది 2005లో, ఆ పెట్టె అంతకు ముందు బిగించింది. పాతవాళ్లను తప్పుపట్టడానికి లేదు. 100 పోలీసు, 101 ఫైరు అన్నది మాత్రం అప్పటికే ఉన్నదే!

కోల్డ్ స్టోరేజీ లోపల ఏముంటుందో తెలిస్తే నా గోల మీకు అర్థమవుతుంది. చాంబర్లను చల్లబరిచేది అమ్మోనియా. పైపు ఎక్కడైనా లీకైతే కళ్లు మండిపోతాయి, ఊపిరాడదు, ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది. రాత్రిపూట ఇంజన్ రూములో ఒక్క ఆపరేటరే ఉంటాడు. అతను ఆ కంగారులో ఫోనెత్తి 108 కొట్టాడనుకోండి. తాళం వేసిన పెద్దాయన గదిలో ఫోన్ మోగుతూ ఉంటుంది.

‘‘ఈ రోజుల్లో సెల్లు లేనిదెవడికి?’’ అన్నారాయన.

సమాధానం నేను చెప్పలేదు. నిచ్చెన పట్టుకుని నిలబడిన ఇంజన్ ఆపరేటరే చెప్పాడు. ‘‘లోపలికి పోతే సిగ్నల్ ఉండదండీ. ఆ సౌండుకి వినపడనూ వినపడదు. సెల్లు బయట మేకుకి తగిలించి పోతాం.’’ తర్వాత నా వైపు తిరిగి, ‘‘అయినా సారూ, మా ఫోనుకి బయటి లైను లేదుగా’’ అన్నాడు.

అదీ సంగతి. ఎప్పుడో ఎస్టీడీ బిల్లు ఎక్కువొచ్చిందని ఇంజన్ రూము ఫోనుకి బయటి కాల్స్ లాక్ చేశారు. తర్వాత ఎవరికీ గుర్తులేదు. లాక్ అంటే 108కి కూడా లాకే.

అప్పుడు పెద్దాయనకి ఒక కేసు చెప్పాను. 2013 డిసెంబరులో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం మార్షల్ అనే ఊళ్లో, ఒక మోటల్ గదిలో కేరీ హంట్ అనే ఆవిడను విడిగా ఉంటున్న భర్త పొడిచి చంపాడు. అక్కడే ఉన్న ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు ఫోనెత్తి 911 కొట్టింది, నాలుగుసార్లు. అక్కడ ఎమర్జెన్సీ నంబరు అదే. నేర్పింది నేర్పినట్టే చేసింది ఆ పిల్ల. కాల్ మాత్రం వెళ్లలేదు. ఆ ఫోన్ సిస్టమ్‌లో బయటికి వెళ్లాలంటే ముందు ఇంకో 9 కొట్టాలి. కేరీ తండ్రి హాంక్ హంట్ ఏళ్ల తరబడి తిరిగితే 2018లో ‘కేరీస్ లా’ వచ్చింది. 2020 ఫిబ్రవరి తర్వాత అక్కడ బిగించే ఏ ఆఫీసు సిస్టమ్‌లోనైనా ముందు వేరే అంకె నొక్కకుండానే 911 తగలాలి. కొట్టినప్పుడు రిసెప్షన్‌కో ఇంకెవరికో తెలియాలి కూడా. దానికి ప్రోగ్రాములో పట్టేది రెండు మూడు లైన్లు. ఈ పని చేసేవాళ్లంతా ఒక్కసారైనా చదవాల్సిన కేసు అది.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ‘‘అయితే నాకేం నంబరిస్తావ్?’’ అన్నారు.

నంబర్లన్నీ రెండుతో మొదలుపెట్టాను. రిసెప్షన్ 201, మేనేజరు 202, అలా. రెండంకెలవి పెట్టలేదు. 10 అనో 11 అనో ఎక్స్‌టెన్షన్ ఉంటే పాత పెట్టెలు రెండో అంకె వినగానే అక్కడ మోగించేస్తాయి. 108లో ఎనిమిది, 112లో రెండు నొక్కేలోపే కాల్ ఎక్కడికో పోయుంటుంది. పెద్దాయనకి 216 ఇస్తానన్నాను. కలిపితే తొమ్మిదే, పైగా రెండు నూటెనిమిదిలు. వేళ్ల మీద లెక్క వేసుకుని ‘‘కానీయ్’’ అన్నారు. ఇంజినీరింగ్‌లో నేర్చుకున్న లెక్కలేవీ ఇంత తొందరగా పనికిరాలేదు.

మిగతాది రాత్రి కూర్చుని రాశాను. 100, 101, 108, 112 ఏ ఫోన్ నుంచి కొట్టినా వెళ్లాలి, లాక్ ఉన్నా సరే. ముందు సున్నా కొట్టినా, కొట్టకపోయినా వెళ్లాలి. ఈ సున్నా గొడవ మన దగ్గర ఇంకా ఎక్కువ. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా ఉండాలి. ఆఫీసులో బయటి లైనుకి ఒక సున్నా, దాని తర్వాత ఇంకో సున్నా. అలవాటైన చెయ్యి కంగారులో 108కి ముందు కూడా సున్నా కొట్టేస్తుంది. దాన్ని తప్పు నంబరనకూడదు.

తెగని పేచీ లైన్ల దగ్గర వచ్చింది. ఉన్నవి నాలుగు, సీజన్లో నాలుగూ బిజీ. ఒకటి ఖాళీగా ఉంచుదామంటే మేనేజరు ఒప్పుకోలేదు. చివరికి, ఎమర్జెన్సీ కాల్ వచ్చేసరికి అన్నీ బిజీగా ఉంటే నాలుగో లైను మీద మాట్లాడేవాళ్ల కాల్ కట్ చేసి దీనికివ్వమని రాశాను. ఏ రైతు బేరం మధ్యలో తెగిపోతుందోనని ఆయన దిగులు. ఆ దిగులూ న్యాయమే. తెగితే మళ్లీ చేస్తాడు కదండీ అన్నాను. నెట్‌వర్క్ స్విచ్‌కి యూపీఎస్ కూడా పెట్టించాను. కరెంటు పోతే ఈ కొత్త ఫోన్లన్నీ బొమ్మలే.

పరీక్షకి ముందు 108ని నా సెల్‌కి తిప్పి, ఒక్కో ఫోన్ దగ్గరకీ వెళ్లి కొట్టి చూశాను. అన్నీ మోగాక అసలు లైనుకి మార్చాను. ఇంజన్ రూము నుంచి ఒకే ఒక్క నిజం కాల్. ఎత్తగానే ‘‘ఇది టెస్ట్ కాల్ అండీ, ఎమర్జెన్సీ ఏం లేదు, కొత్త ఫోన్లు పెట్టాం’’ అని అరిచాను, ఆ కంప్రెసర్ల మోతలో. అవతల అమ్మాయి ‘‘ఎక్కడి నుంచి సార్?’’ అని మూడుసార్లు అడిగింది. ఎంత అరిచినా వినపడలేదు.

ఫోన్ తీసి తలుపు అవతల వరండా గోడకి మార్చాం. వైరు ఇంకో పన్నెండు మీటర్లు పట్టింది. పైన ఒక కాగితం అంటించాం. స్టోరేజీ పేరు, ఊరు, ఏ రోడ్డు, ఏ గుర్తు దగ్గర తిరగాలి. ‘పెట్రోల్ బంకు దాటాక’ అని నేను రాస్తే ఆపరేటర్ చదివి కొట్టేయించాడు. ఆ రోడ్డు మీద బంకులు మూడున్నాయట. ‘వాటర్ ట్యాంకు ఎదురు సందు’ అని అతనే చెప్పాడు.