కొండ మీది ఇల్లు: కాసా లోమాకి మరోసారి

టొరంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళింటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే చూపించే చోట్లు అందరికీ కంఠతా వచ్చు. నయాగరా, సీఎన్ టవర్, రిచ్‌మండ్ హిల్ గుడి, ఆ తర్వాత ఇంకో శనివారం మిగిలితే కాసా లోమా. మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఇద్దరమే వెళ్ళి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేశాం. ఈ వేసవిలో అత్తయ్యగారు, మామయ్యగారు, మా అమ్మాయితో కలిసి మళ్ళీ వెళ్ళాం. పూట పట్టింది.

కాసా లోమా అంటే స్పానిష్‌లో కొండ మీది ఇల్లు. సర్ హెన్రీ పెల్లాట్ అనే ఆయన 1911లో మొదలుపెట్టి, దాదాపు మూడు వందల మంది పనివాళ్ళతో మూడేళ్ళలో కట్టించాడు. ఆ రోజుల్లోనే 35 లక్షల డాలర్లు అయింది. గదులు 98. టొరంటో వీధులకి కరెంటు దీపాలు తెచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. నయాగరా జలపాతం నుంచి కరెంటు తీసే వ్యాపారంలోనూ ఉన్నాడు. ఇంటి నమూనా గీసింది ఇ.జె. లెనాక్స్. క్వీన్ స్ట్రీట్‌లో గడియారపు గోపురం ఉన్న ఓల్డ్ సిటీ హాల్ కూడా ఆయనదే.

బయటి నుంచి చూస్తే యూరప్ కోట. బురుజులు, సన్నని కిటికీలు, రాతి గోడలు. లోపలికి వెళ్ళేసరికి ఒక్కో గదిది ఒక్కో దేశం, ఒక్కో కాలం. గ్రేట్ హాల్ కప్పు అరవై అడుగుల ఎత్తు. మా అమ్మాయి తల పూర్తిగా వెనక్కి వాల్చి, "మన ఇల్లు ఇందులో నిలబెడితే పైకప్పు తగలదు నాన్నా" అంది. నెమళ్ళ దారి అని పిలిచే పొడవాటి నడవాని ఇంగ్లండులోని విండ్సర్ కోటని చూసి కట్టారట.

మామయ్యగారు ఆగిపోయింది ఓక్ రూమ్‌లో. గోడలనిండా ఓక్ చెక్క మీద పూలు, పళ్ళు, తీగలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో బరోక్ శైలికి పేరు తెచ్చిన గ్రిన్‌లింగ్ గిబ్బన్స్ అనే కొయ్యశిల్పి పద్ధతిలో చెక్కినవి. ఆ చెక్కడానికే మూడేళ్ళు పట్టిందని చెబుతారు. బరోక్ పని లక్షణమే అంత. చదునుగా ఉన్నచోట ఊరుకోదు. చెక్క చెక్కలా కనపడదు, ఇప్పుడే కోసుకొచ్చి గోడకి తగిలించిన పూలదండలా ఉంటుంది. మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. "అతుకు ఎక్కడుందో చెప్పు అమ్మాయ్, చూద్దాం" అన్నారు. నాకు కనపడలేదు. ఆయనకీ కనపడలేదు, అందుకే అంత సంతోషం.

ఆయన తెనాలిలో ఇల్లు కట్టింది 1986లో. ఇటుక బండి దగ్గర నుంచి ద్వారబంధానికి టేకు ఎంచటం దాకా అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. ఇప్పుడు ఆ వీధిలో అన్నీ అపార్టుమెంట్లే. ఒక బిల్డర్ రెండేళ్ళుగా అడుగుతున్నాడు. కొడుకులిద్దరూ ఇక్కడే ఉన్నారు, మోకాళ్ళు మెట్లెక్కనివ్వటం లేదు, అమ్మేద్దామని ఆయన. అమ్మొద్దు, తాళం వేసి ఉంచుదామని మావారు. ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు టీవీ సౌండు పెంచేవారు.

కన్సర్వేటరీలో పైన రంగుటద్దాల గుమ్మటం, కింద పాలరాయి. చలిదేశంలో పూలమొక్కలు బతకాలని మడుల కిందుగా ఆవిరి గొట్టాలు వేయించారు. అత్తయ్యగారు, "మొక్కలకి కూడా హీటరా!" అని నవ్వారు. వందేళ్ళ కిందటే ఇంట్లో లిఫ్టు ఉంది, 59 టెలిఫోన్లు ఉన్నాయి. నేలమాళిగ నుంచి 800 అడుగుల సొరంగంలో నడిస్తే గుర్రపుశాల. గుర్రాలు నిలబడే అరలు మహాగని చెక్కవి. ఇంటికంటే ముందు కట్టింది ఈ శాలనే. "మా నాన్న కూడా ముందు గొడ్లచావిడి వేసి, ఆ తర్వాతే ఇల్లు మొదలుపెట్టాడు" అన్నారు మామయ్యగారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడే రహస్యంగా జలాంతర్గాములని పసిగట్టే పరికరాలు తయారుచేశారు. పక్కన ఇల్లు చూడటానికి జనం వచ్చిపోతూనే ఉన్నారట.

ఇంత చేసిన పెల్లాట్ అందులో ఉన్నది పదేళ్ళకంటే తక్కువే. కరెంటు వ్యాపారం ప్రభుత్వం చేతికి వెళ్ళింది. యుద్ధం వచ్చింది. ఏడాదికి 600 డాలర్లున్న ఇంటిపన్ను నెలకి వెయ్యి అయింది. 1923లో ఆయన అప్పులు తీసుకున్న హోమ్ బ్యాంకు మునిగింది. మర్నాటి ఏడాది సామాను వేలం వేసి వెళ్ళిపోయాడు. నేలమాళిగలో ఆయన మొదలుపెట్టిన ఈతకొలను ఇప్పటికీ పూర్తికానిదే. కొన్నాళ్ళు హోటలు నడిచింది, అదీ మూతపడింది. 1930లలో పన్ను బకాయి కింద నగరం స్వాధీనం చేసుకుంది. కూలగొడదామన్న మాట కూడా వచ్చింది. 1937లో కివానిస్ క్లబ్బు తీసుకుని చూడవచ్చేవారికి తెరిచాక గానీ ఇల్లు నిలబడలేదు.

మన హైదరాబాదు ఫలక్‌నుమా కథ దీనికి చాలా దగ్గర. మామయ్యగారికి ఫలక్‌నుమా అంటే గుంటూరు మీదుగా హౌరా వెళ్ళే రైలు. అందుకని బెంచీ మీద కూర్చుని ఆ కథ చెప్పాను. అదీ కొండ మీదే. పైగా వంశపు నవాబు, నిజాం దివానుగా చేసిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి దాదాపు తొమ్మిదేళ్ళు కట్టించాడు. ఇటాలియన్ పాలరాయి, 101 మంది కూర్చునే భోజనాల బల్ల. అప్పులు మీదపడి చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. తర్వాత చాలాకాలం తాళాల్లో ఉండి, బాగుచేశాక 2010లో తాజ్ హోటలుగా తెరుచుకుంది.

ఆయన అంతా విని, "ఇక్కడాయన పదేళ్ళు కూడా లేడంటున్నావు. నేను నా ఇంట్లో ముప్పయ్యేడేళ్ళున్నాను" అన్నారు. కాసేపాగి మావారి వైపు తిరిగి, "తాళం వేస్తే చెదలు కాపురం పెడతాయిరా. ఈ రెండు ఇళ్ళూ మనుషులు తిరగబట్టే మిగిలినయ్యి. ఉంచాలంటే ఎవరినైనా కాపురం పెట్టు. పెట్టలేకపోతే అమ్మనివ్వు" అన్నారు.

మావారు వెంటనే ఏమీ అనలేదు. మిసిసాగా తిరిగివచ్చే దారిలో మాత్రం, కింది వాటా అద్దెకిస్తే బాత్రూముల పని ఎంతవుతుంది, మేడ మీద గది మనకి ఉంచుకోవచ్చా అని అడగటం మొదలుపెట్టారు. లెక్కలు ఇంటికొచ్చేదాకా సాగాయి. ఇంకా ఏదీ తేలలేదు. టీవీ సౌండు మాత్రం ఎవరూ పెంచటం లేదు.

మీరు వెళ్ళేటట్టయితే ఒక మాట. డ్యూపాంట్ సబ్‌వే స్టేషన్ నుంచి నడిస్తే దారిలో బాల్డ్‌విన్ మెట్లు వస్తాయి, నూటపది. పెద్దవాళ్ళుంటే కారులోనే పైకి వెళ్ళండి. బురుజుల్లోకి వెళ్ళే మెట్లు ఇరుకు. మేము అత్తయ్యగారిని, మామయ్యగారిని తోటలో కూర్చోబెట్టి ఎక్కాం. పైనుంచి నగరమంతా కనపడుతుంది. ఓక్ రూమ్‌కి మాత్రం ఎక్కువ సమయం ఉంచుకోండి. ఆ అతుకు మీకు కనపడితే మాకూ చెప్పండి.