బీయస్సీ తర్వాత తెలుగు

‘బీయస్సీ చదివి ఎమ్మే తెలుగులో ఎందుకు చేరావు?’ అనే ప్రశ్న ముప్ఫై ఏళ్లుగా నన్ను వదల్లేదు. ఇంటర్వ్యూ బోర్డుల్లో అడిగారు. పెళ్లిచూపుల్లో అడిగారు. సెమినార్లలో టీ తాగుతూ అడిగారు. ఇంజనీరింగ్ చదివి సివిల్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్న మగపిల్లల్ని ఇదే గొంతుతో అడగ్గా నేనెప్పుడూ వినలేదు. వాళ్లు చేస్తే తెలివి, నేను చేస్తే తెలివితక్కువ!

మా బాపు ఆర్టీసీ కండక్టరు. కరీంనగర్‌లో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీలతో 1993లో నా డిగ్రీ అయిపోయింది. ఎంట్రన్సులో ఎమ్మెస్సీ జువాలజీకీ, ఎమ్మే తెలుగుకీ రెండింటికీ ర్యాంకు వచ్చింది. “సైన్సు సారుకు ట్యూషన్లుంటయి బిడ్డా, తెలుగు సారుకేముంటయి?” అన్నాడాయన. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు మరి. అయితే నా లెక్క వేరే ఉంది. డిగ్రీ మొదటి రెండేళ్లూ సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు ఉండేది. మూడో ఏడు టైంటేబుల్లో అది లేదు. పన్ను ఊడిన చోటికి మాటిమాటికీ నాలుక పోయినట్టు ఆ ఏడాదంతా నా మనసు అటే పోయేది. లైబ్రరీలో కప్ప నాడీమండలం బొమ్మ వేస్తూ పక్కన ఓల్గా ‘స్వేచ్ఛ’ పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ రెండేళ్ల సెకండ్ లాంగ్వేజ్ పుణ్యాన ఎమ్మేకి అర్హత వచ్చింది. క్లాసులో తక్కినవాళ్లు బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదివినవాళ్లు, ఓరియంటల్ కాలేజీ నుంచి బాలవ్యాకరణం సూత్రాలు నోటికి పట్టుకొచ్చినవాళ్లు. నాకేమో గురువు, లఘువు, గణవిభజన అన్నీ కొత్త. యమాతారాజభానసలగం ఒక చీటీ మీద రాసుకుని, ఇంటర్లో పీరియాడిక్ టేబుల్ బట్టీ పట్టినట్టే హాస్టలు గోడకి అంటించుకున్నాను. నెల రోజుల్లో వచ్చేసింది. ఛందస్సంటే ఎవరికో పుట్టుకతో అబ్బే విద్య అనుకునేవాళ్లకి ఈ మాట అంత రుచించదు.

నా పేరు మాత్రం ‘సైన్సు పిల్ల’గా స్థిరపడిపోయింది. ఒక సారు నా వ్యాసం తిరిగిస్తూ “ఇది సాహిత్య విమర్శా, ప్రాక్టికల్ రికార్డా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. చూసిందొక చోట, దాన్నిబట్టి అనుకున్నదొక చోట విడివిడిగా రాయడం ల్యాబులో అలవాటైంది. ఇప్పటికీ అలాగే రాస్తాను. అదే ఏడాది ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది. హాస్టల్లో అది చేతులు మారీ మారీ అట్ట ఊడింది. స్త్రీల శరీరం మీద కవిత్వం రాస్తే అశ్లీలమని గొడవ చేస్తున్న రోజులు. మూడేళ్లు గర్భాశయం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్న నాకు ఆ గొడవ వింతగా ఉండేది. సైన్సు రికార్డులో ఉంటే విజ్ఞానమూ, కవితలో ఉంటే బూతూనా?

ఎం.ఫిల్‌కి మా జిల్లా పల్లెల్లో ఆడవాళ్లు తమ శరీరం గురించి వాడే మాటలు సేకరిస్తానన్నాను. ‘ఇది భాషాశాస్త్రమా, మెడికలా’ అని కమిటీలో చాలాసేపు చర్చ జరిగింది. ఎక్కడి నుంచి వచ్చావన్నది తేలితే తప్ప ఏం అడుగుతున్నావో వినరు. చివరికి ‘మాండలిక పదజాలం’ అని పేరు మార్చాక ఒప్పుకున్నారు. ముట్టు, మైల, బయట చేరుడు, నెల తప్పుడు, నీళ్లు పోసుకొనుడు, కాన్పు, తెల్లబట్ట... నోటుబుక్కు నిండిపోయింది. మాటలు అడగడానికి పోతే వాళ్లు నన్ను రోగాలు అడిగేవాళ్లు. “సైన్సు సదివినవట గదా, జెర చెప్పు” అని. స్త్రీల ఆరోగ్యం మీద 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఒక సీనియర్ ఇచ్చింది. అది సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని.

సంచి అంటే ఇంకో సంగతి చెప్పాలి. పాఠ్యపుస్తకంలో గర్భాశయం. ఆడవాళ్ల నోట్లో గర్భసంచి, ఒట్టి సంచి కూడా. మొదట నాకిది అందమైన మాటే అనిపించింది. జానపదుల ఉపమ అని ఒక పేరా కూడా రాసుకున్నాను. కానీ ఊరూరా అదే వాక్యం వినబడసాగింది: “పిల్లలు పుట్టినంక ఇగ సంచితోని ఏం పని అన్నడు డాక్టరు.” ముప్ఫై దాటీ దాటకుండానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. తెల్లబట్ట అయినా అదే మందు, నడుం నొప్పి అయినా అదే మందు. సంచి అన్నాక సరుకు తీసేసింతర్వాత అవతల పారేయొచ్చు కదా! తెలుగు విద్యార్థిగా నాకు ఆ మాట చేస్తున్న పని వినబడింది. జువాలజీ చదివాను కాబట్టి అది అబద్ధమని తెలిసింది. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి, ఎముకల బలం తగ్గుతుంది. అవి ఉంచినా ముట్లుడిగే స్థితి త్వరగా వచ్చే ప్రమాదం ఉంది. రెండు చదువుల్లో ఏ ఒక్కటే ఉన్నా నేను సగమే రాసుకొచ్చేదాన్ని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయం తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

పాఠ్యపుస్తకం భాష శుభ్రమైనదని కాదు. ఎమిలీ మార్టిన్ 1991లో రాసిన అండం-శుక్రకణం వ్యాసం నాకు చాలా ఆలస్యంగా దొరికింది. అండం కదలకుండా ఎదురు చూస్తుందట, శుక్రకణం వీరుడిలా దూసుకు వస్తుందట. అది చదివి నా పాత జువాలజీ నోట్సు తీసి చూశాను. నా చేతిరాతతోనే అదంతా ఉంది. బొమ్మకి ఎర్ర సిరాతో ‘వెరీ గుడ్’ కూడా ఉంది.

నేను సైన్సు నుంచి తెలుగుకి రాగలిగాను. ఇంకో పక్క నుంచి ఇటు రావడం కుదిరేది కాదు. ఎమ్మేలో చాలా సబ్జెక్టులకి ఏ డిగ్రీ అయినా చాలు. ఎమ్మెస్సీకి మాత్రం డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి, దానికి ఇంటర్లో ఆ గ్రూపు ఉండాలి. అంటే పదిహేనేళ్ల వయసులో పడ్డ ముద్ర అది. ఆ ముద్ర వేసేది ఎక్కువగా ఇంటి ఖర్చే. మా చిన్నమ్మ బిడ్డ 1994లో పదో తరగతి పాసైంది. సైన్సులో దానికి 84 మార్కులు. అన్నని హైదరాబాదులో ఎంసెట్ కోచింగుకి పంపారు, దీన్ని ఊళ్లో గవర్నమెంటు కాలేజీలో హెచ్.ఇ.సి.లో వేశారు. తర్వాత ప్రైవేటుగా కట్టి బి.ఏ. పూర్తి చేసింది. నేను సెలవులకి పోయినప్పుడల్లా నా జువాలజీ రికార్డులు ముందేసుకుని కూర్చునేది. ఒకసారి “నువ్వు ఇడ్సిపెట్టినవి నాకియ్యరాదే అక్కా!” అంది. రికార్డులైతే ఇచ్చాను.

2010లో దానికీ ఆపరేషన్ అయింది, ముప్ఫయ్యొకటో ఏట. అయిపోయాక ఫోన్ చేసింది. “సంచితోని అండాశయాలు గూడ తీసిన్రట అక్కా. రెండూ వేరు వేరని నాకు ఎర్కే. నీ రికార్డుల బొమ్మ జూసిన గదా. డాక్టరుకు చెప్తే, బి.ఏ. సదివినదానివి నీకేం తెలుస్తదన్నడు.”

2025లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. డిగ్రీలో ఏం చదివినా సరే, ఆ సబ్జెక్టు ప్రవేశ పరీక్ష నెగ్గితే పీజీ చేయొచ్చంటాయి. మంచిదే. ఆ పరీక్షకి చదివించేదెవరో, ఇన్నేళ్ల ల్యాబు ఎవరిస్తారో నిబంధనల్లో ఉండదు. అయినా పేపరు కత్తిరించి దానికి వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు దానికి నలభై ఆరు. కూతురు బీయస్సీ రెండో సంవత్సరం.

జవాబు రాత్రి పదకొండింటికి వచ్చింది. “ప్రాక్టికల్స్‌కు కప్పలను ఇంకా కోపిస్తరా?” కోయించడం లేదు, 2014లోనే యూజీసీ ఆపించిందని రాశాను. “అయితే సిలబస్ పంపు” అంది.