మీట నొక్కితే వచ్చే అల

వేటపాలెం మండలం రామాపురంలో అలలకి టికెట్టు లేదు. ఆదివారం వస్తే చీరాల నుంచీ, బాపట్ల నుంచీ జనం ఆటోల్లో, కార్లలో వచ్చి ఒడ్డున దిగిపోతారు. అయినా సరే, వేసవి సెలవులు రాగానే ఈ చుట్టుపక్కల పిల్లలు వాటర్ పార్కుకి తీసుకెళ్ళమని పేచీ పెడతారు. తెనాలి, రేపల్లె వైపు వాళ్ళకి గుంటూరు, విజయవాడల మధ్య చినకాకాని దగ్గర బౌద్ధ శిల్పరీతిలో కట్టిన హాయ్‌లాండ్ పార్కు తెలిసిన పేరే. 2016లో హైదరాబాదు దగ్గర రావిర్యాలలో వండర్‌లా పార్కు తెరిచాక కొందరి చూపు అటు మళ్ళింది.

ఇంత సముద్రం పక్కనుండగా అంత దూరం దేనికి?

అక్కడ భయానికి హద్దుంది, అందుకు. రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. పైదాకా లాగి వదిలేస్తే ఆ ఎత్తునుంచి వచ్చిన వేగమే దాన్ని పరిగెత్తిస్తుంది. గుండె గొంతులోకొచ్చినా, భుజాల మీద బిగిసిన కడ్డీ మనిషిని కదలనివ్వదు.

పార్కులో నీళ్ళలోకి దిగాలంటే ముందు బట్టల దగ్గర తగువు. నూలు చుడీదార్, చీర కుదరవు, నైలాన్ తొడుక్కోవాలంటారు. పెద్దవాళ్ళు నొసలు చిట్లిస్తారు గానీ, నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, జారనివ్వదు. ఊడిన పోగులు ఫిల్టర్లలో చిక్కుకుంటాయి.

వేవ్‌పూల్‌లో లోతు వైపు గోడ వెనక గదులుంటాయి. బ్లోయర్లు వాటిలోకి గాలి కొట్టి నీళ్ళని తోస్తే అల లేస్తుంది. సైరన్ మోగగానే పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడతారు. ఎవరైనా హద్దు తాడు దాటి లోతుకి జరిగితే గట్టుమీద లైఫ్‌గార్డు ఈల వేస్తాడు. కాసేపటికి మీట ఆపేస్తే నీళ్ళు సద్దుమణుగుతాయి.

రామాపురంలో ఆ మీట ఎవరి చేతిలోనూ లేదు. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగివెళ్ళే దారిలో చిక్కుకుంటే ఈతగాడైనా అలిసిపోతాడు. ఎదురీదకుండా ఒడ్డువెంట పక్కకి ఈది బయటపడాలి. సరదాగా వచ్చి మునిగిపోయిన కుర్రాళ్ళ వార్తలు ఈ తీరంనుంచి తరచూ వస్తున్నాయి. టికెట్టు కొన్నవాళ్ళకి దొరికే ఆ ఈల, ఆ కాపలా, హద్దు చూపే ఆ తాడు, టికెట్టు లేని ఈ ఒడ్డున కూడా ప్రతి ఆదివారం ఉండాలి. జనం నిండే వేసవికి ముందే ఆ ఏర్పాటు జరగాలి.