ఇంటిల్లిపాది విహారము

మన తెలుగువారిలో విహారమన్న మాటకు ఇంకను మంచిపేరు రాలేదు. చల్లగాలికై ఇల్లు విడిచి పోయినవానిని సోమరి యందుము. ఆ మనుష్యుడే నదిలో మూడు మునుగులు మునిగి వచ్చెనేని పుణ్యాత్ముడందుము. కావుననే మన పెద్దలు తమ విహారములన్నిటికిని యాత్రలని పేరుపెట్టుకొనిరి. పడవప్రయాణము, వెన్నెల, బంధువులతోడి ముచ్చటలు, ఇవన్నియు ఆ యాత్రలలో నుండెను. వానికొఱకే పోయితిమని చెప్పుకొనుటకు మాత్రము సిగ్గుపడిరి. పురుషునకు ఈ సాకు ఒక వెసులుబాటు. స్త్రీకి ఇది తప్ప వేఱు దారియే లేకుండెను. జాతరకో పుష్కరమునకో తప్ప ఆమె గడప దాటుట అరుదు. దాటినను వంటయిల్లు ఆమె వెంటనే బయలుదేఱును. పొయ్యి, బియ్యపు మూట, పచ్చడి జాడీలు, పసిపిల్లల గుడ్డలు ఇవన్నియు ఆమె సామానులు. మగవారి చేతిలో చేతిసంచి యొకటి.

విహారము మనస్సునకును శరీరమునకును అవసరమైనదే యగునెడల అది ఇంటిలో కొందఱికి మాత్రమే అవసరమా? ఈ ప్రశ్నను గత వేసవిలో మా యింట నెత్తినది నా భార్య. సెలవులలో కొల్లేటికిని దివిసీమకును పోవుదమని నేనును మా తమ్ముడును ఉత్సాహపడుచుండగా ఆమె మెల్లగా, “మీరు పడవెక్కి నీళ్లు చూస్తారు, మేము పడవెక్కి గిన్నెలు చూస్తాం. దానికి అంత దూరం ఎందుకు?” అనెను. ఆ మాటకు బదులు లేకపోయెను. ఆ రాత్రి భోజనములైన పిమ్మట ఇంటిల్లిపాదియు అరుగుమీద కూర్చుండి మూడు నియమములు చేసికొంటిమి. విహారములో వంట వంతులవారీగా జరుగవలెను, మొదటి వంతు మగవారిది. లైఫ్ జాకెట్ తొడుగుకొననివారు పడవ యెక్కగూడదు. వైధవ్యమును బట్టిగాని కులమును బట్టిగాని యెవరిని వెనుకకు నెట్టగూడదు.

మూడవ నియమము మా మేనత్తను తలచుకొని చేసినది. ఆమె పుట్టినది ముదినేపల్లిలో, మెట్టినది దివిసీమలో. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో అత్తవారింట ముగ్గురిని పోగొట్టుకొనెను. భర్త దక్కెను గాని, ఆయనయు కొన్నేండ్ల క్రిందట జబ్బుచేసి గతించెను. అప్పటినుండి పుట్టినింటనే యున్నది. ఇంటిలో ఆమెకు లోటు చేసినవారు లేరు. అయినను పెండ్లిపందిరికి ఆమె వెనుకదారిని వచ్చును. పేరంటమునాడు పెరటిలో పని కల్పించుకొనును. ఎవరును పొమ్మనకయే తొలగిపోవుట ఆమెకు అలవాటైనది. పొమ్మనకుండుటయే మా యుదారత యని మేమందఱము తృప్తిపడుచుంటిమి.

మా ఊరు నీటినడుమ నున్న ఊరు. 2022 ఏప్రిలు నుండి ఏలూరు జిల్లాలో చేరినను, గుడివాడ బందరు మాటలే మా నోట నున్నవి. ఈ సీమకు కాలువల బ్రతుకు వచ్చినది బెజవాడ ఆనకట్టతో. కాటన్ దొర పట్టుదలచే, చార్లెస్ ఆర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున, 1852లో మొదలిడి 1855లో దానిని ముగించిరి. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆ కాలువలు పైరులకే గాక పడవలకును దారులైనవి. లాకులు దాటుచు, ఏలూరు కాలువమీదుగా గోదావరి సీమనుండి కృష్ణకును, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలమీదుగా కృష్ణనుండి చెన్నపట్టణమునకును జనము పోయెడివారు. గాలి అనుకూలించినపుడు తెరచాప. లేనపుడు గట్టుమీద నడచుచు త్రాడుతో పడవను లాగు మనుష్యులు. పడవలో నిద్రించువాని సుఖమునకు గట్టుమీద ఒకని భుజము కాయలుగాచెడిది.

ఈ కాలువలపై సాగిన పడవలలో నాకు మిక్కిలి గౌరవము గలది యొకటి యున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కావలియొడ్డున, పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ, పడవమీద గ్రంథాలయమును నడపిరి. గట్టున నున్న పల్లెలకు పుస్తకములే నడచివచ్చెను. మేమును ఆ జ్ఞాపకముతో ఒక పెట్టెనిండ పిల్లల పుస్తకములు వెంట గొంటిమి. చదివినవాటిని ఏ ఊరి పిల్లలు కోరిన ఆ ఊరి పిల్లలకే యిచ్చి రావలెనని పిల్లలు తామే నిశ్చయించుకొనిరి.

ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరుగును. అదియే మా మొదటి విహారము. నేడు చాలమంది బండ్లపై పోవుదురు. మేము కొంతదూరమైనను దోనెలపై పోవుదమని యొడ్డున దిగితిమి. కొల్లేరు కృష్ణా గోదావరుల నడుమ నేర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దానిలో బడును. ఆ నీటిని సముద్రమునకు గొనిపోవునది ఉప్పుటేరు. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తు గీతవఱకు, 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో దానికి రాంసార్ చిత్తడినేలల పట్టికలో స్థానము దొరకెను. సరస్సు నాక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమువారు కొట్టించిరి. కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుపమంచెలపై గూడబాతులు పిల్లలకు మేత పెట్టుచుండగా మా పిల్లలు నోళ్లు తెఱచి చూచిరి.

మా దోనెకు గెడ వేసిన ఆయన అరువదేండ్లవాడు. సరస్సును గూర్చి నేనడిగిన ప్రశ్నకు, “చెరువులొచ్చినప్పుడు కూలి దొరికిందండి, సరస్సున్నప్పుడు చేప దొరికింది. ఇప్పుడు రెండూ సగం సగమేనండి” అనెను. పక్షులను రక్షింపవలెననుట న్యాయమే. వానిని చూచి యానందించుటకు దూరమునుండి వచ్చిన మనము, ఆ నీటినే నమ్ముకొన్నవాని కడుపును మఱచిన ఆ న్యాయము సగమే యగును.

మధ్యాహ్నము మగవారి వంట. మా బాబాయి వార్చిన అన్నము అడుగున మాడెను, పైన పలుకుగా నుండెను. పిల్లలు నవ్విరి, ఆడువారు మర్యాదకై నవ్వు దాచుకొనిరి. విస్తళ్లు వేయునపుడు మా నాయనమ్మ ముఖము ముడుచుకొనెను. గెడ వేసినవారికిని మా వరుసలోనే విస్తళ్లు పడుచుండెను. ఆమెకు ఎనుబది యేడేండ్లు. మడి ఆచారము ఆమెకు ఊపిరివంటిది. కొంతసేపు పలుకక కూర్చుండి, తుదకు, “ఇందాకటినుంచి నా ప్రాణం వాళ్ల చేతుల్లోనే ఉందిగా. అన్నం దగ్గరికొచ్చేసరికి నాకు చేదయ్యారా? కూర్చోమనండి” అనెను. మేము సిద్ధపఱచుకొన్న వాదములన్నియు నిరుపయోగములయ్యెను. ఆచారమును వదలించుటకు ఉపన్యాసముకంటె ఒక పూట కలసి చేసిన ప్రయాణము మేలని నాకప్పుడు తోచినది.

చైత్రమున శ్రీరామనవమి. మా వీధిలో తాటాకు పందిరి, పానకము, వడపప్పు, సాయంకాలము హరికథ. బంధువులందఱును చేరిరి. కల్యాణమైన పిమ్మట తలంబ్రాలు పంచు పని ఆ యేడు నా భార్యది. ముందు ముత్తైదువలకు, తరువాత తక్కినవారికి అనునది వాడుక. ఆమె పళ్లెము పట్టుకొని నేరుగా పందిరి వెనుకకు నడచి మా మేనత్త చేతిలో మొదటి పిడికెడు పెట్టెను. పందిరిలో మాటలు ఆగిపోయెను. మేనత్త చేయి చాపుటకు వెనుదీసెను. అప్పుడు నాయనమ్మ తన పీటమీదినుండియే, “రాములవారి పెళ్లికి వచ్చినవాళ్లంతా పెళ్లివారేనే. తీసుకోవే అమ్మాయి” అనెను. కొందఱు ముఖములు త్రిప్పుకొనిరి. ఒక బంధువు పానకము త్రాగకయే పోయెను. అయినను ఆనాడు మేనత్త పందిరి ముందు వరుసలో కూర్చుండి హరికథ తుదివఱకు వినెను.

వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. చట్టములు, పాఠశాలలు, ఉద్యోగములు ఎంతో మార్చినవి. అంతమాత్రమున పందిరిలో పీట మారలేదు. దానిని మార్చుటకు శాసనమక్కఱలేదు. పళ్లెము పట్టుకొన్న చేయి ఎటు మొదట తిరుగునో అంతియే కావలెను.

వైశాఖమున దివిసీమకు పోయితిమి. అప్పటికి మా కాలువలు కట్టివేసిరి. మంచినీళ్ల చెరువులు నింపుకొనుట ముగిసినది. నాగాయలంక చెంత, మేనత్త అత్తవారి జ్ఞాతుల కొబ్బరితోటలో రెండు గుడారములు వేసికొంటిమి. బ్యారేజికి దిగువను వేసవిలో కృష్ణ ప్రవాహము సన్నగిల్లును. అక్కడ నీరు ఉప్పన, ఆటుపోటులకు లోబడి యుండును. పగలు ఎండ మండినను, సాయంకాలము సముద్రపుగాలి వీచెను. రాత్రి దోమల బాధ చెప్పనలవి కాదు. ఒకనాడు ఏటిమొగవద్ద పంటు ఎక్కి ఎదురుమొండి దీవికి పోయి వచ్చితిమి. మఱునాడు కృష్ణ సముద్రమున గలియు హంసలదీవికి పోయి వేణుగోపాలస్వామిని దర్శించి, మడ అడవులను దూరమునుండి చూచితిమి. ఆ చెట్ల వ్రేళ్లు అలల వడిని విఱుచునని పిల్లలకు చెప్పుచుండగా మేనత్త, “ఇవి ఊళ్లదాకా ఉంటే బాగుండేది” అని యూరకుండెను.

ఉప్పెనను గూర్చి ఆమె మాకెన్నడును చెప్పలేదు. సుమారు 10,000 మంది చనిపోయిరని పుస్తకములు చెప్పును. ఆ రాత్రి గుడారము బయట కూర్చుండి ఆమె చెప్పినది నాలుగు మాటలే: నీరు వచ్చుటకు ముందు గాలి చప్పుడు, చేతికి దొరకిన తాటిచెట్టు, తెల్లవాఱిన పిమ్మటి నిశ్శబ్దము, తమ వీధిలో పోయినవారిలో స్త్రీలును పిల్లలునే హెచ్చుట. పిమ్మట మా తమ్ముని కూతురి తల నిమిరి, “దీనికి ఈత వచ్చా?” అని అడిగెను.

పిల్లకు పదునొకండేండ్లు. దాని అన్నకు ఈత వచ్చును, దానికి రాదు. మా తమ్ముడు, “ఆడపిల్లకి ఈతెందుకత్తయ్యా, ఒడ్డున కూర్చుంటే చాలదా?” అనెను. “ఒడ్డునే కూర్చున్నాం ఆ రోజు. నీళ్లు ఆడా మగా అని అడిగి ముంచుతాయట్రా?” అని ఆమె పలికెను. ఉప్పెన వచ్చిననాడు ఈత కాపాడునని ఆమెయు చెప్పలేదు. తనను కాపాడినది చెట్టు. కాని నీటినడుమ బ్రతుకువారికి నీటిభయము వదలుట చదువులో మొదటి పాఠమని ఆమె నమ్మకము.

మఱునాడు ఉదయమున, పోటు లేని వేళ జూచి, నడుములోతు నీటిలో ఆమె దిగెను. చిన్నతనమున మా ఊరి కాలువలో ఈదినదట; పెండ్లియైన పిమ్మట నీటిలో ఈత కొట్టుట అదియే మొదలు. చీరె కచ్చబోసి, పిల్లకు లైఫ్ జాకెట్ తొడిగి, పొట్టక్రింద చేయి పట్టి, “కాళ్లాడించవే” అని కేకవేయుచుండగా, ఆమె గొంతులో మేమెన్నడును వినని అధికారము వినబడెను. ఒడ్డున మా తమ్ముడు పొయ్యికి చెక్కలు పేర్చుచుండెను. ఆ పూట వంతు అతనిది.

పడవప్రయాణమున జాగ్రత్త యొక వినోదభంగమని తలచువారున్నారు. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమున, బెజవాడ చెంత ఇబ్రహీంపట్నము పవిత్రసంగమమువద్ద పడవ మునిగి 20 మందికి పైగా యాత్రికులు ప్రాణములు గోల్పోయిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరువద్ద మఱియొక విహారనౌక మునిగెను. పడవకు అనుమతి గలదా, ఎందఱిని ఎక్కించుచున్నారు, తొడుగులు చాలినన్ని గలవా అని అడుగుటకు మనకు మొగమాటము. కూరగాయలు బేరమాడువేళ లేని మొగమాటము ప్రాణములవద్ద ఏల?

మా వేసవి అంతియే: ఒక సరస్సు, ఒక పందిరి, రెండు గుడారములు. విహారమునకు దూరము ప్రధానము కాదు; ఇంటిలో ఎవరెవరికి సెలవు దొరకినదను లెక్క ప్రధానము. ఏటికి పది దినములు పొయ్యి చేతులు మారిన, ముందు వరుసలో ఒక పీట పెరిగిన, ఒక ఆడుపిల్ల నీటికి వెఱచుట మానిన, ఆ విహారము యాత్రకంటె తక్కువ పుణ్యము గాదు. వచ్చు వేసవికి మా వీధి ఆడుపిల్లలు ఏడుగురు ఈత నేర్పుమని మా మేనత్తవద్ద పేళ్లు వ్రాయించుకొనిరి. కాలువలు కట్టకమునుపే మొదలుపెట్టవలెనని ఆమె ఇప్పటినుండియే దినములు లెక్కించుచున్నది.