నినాదం వెనుక మండలి

ఉద్యోగంలో చేరిన కొత్తలో గేటు ముందు మేము బిగ్గరగా పలికిన నినాదాలలో ఎన్నింటి అర్థం మాకు తెలిసి ఉండెనో చెప్పడం కష్టం. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాన్ టౌన్‌షిప్‌కు వచ్చినప్పుడల్లా చవకగా దొరికే రష్యన్ అనువాదాలు కొని, నైట్ షిఫ్టు దిగి వచ్చి చదువుకొనేవారము. "సర్వాధికారాలు సోవియట్లకే" అన్న నినాదం కంఠతా వచ్చింది. సోవియట్ అన్నది దేశం పేరనే అనుకొన్నాము. ఆ మాటకు మండలి అని అర్థమని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ మండలి పుట్టుక ఎంత చిన్న తగాదాతో ముడిపడి ఉన్నదో! 1905లో మాస్కోలోని సితిన్ ముద్రణాలయంలో కంపోజిటర్లు సమ్మె చేశారు. అక్షరాలకు కట్టే కూలి కామాలకూ, ఫుల్‌స్టాపులకూ కట్టాలన్నది వారి కోరికలలో ఒకటి. (మన పత్రికను అచ్చువేసే మిత్రులు గమనింతురు గాక!) సమ్మె రైల్వేలకు పాకింది. అక్టోబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ కార్మికులు 500 మందికి ఒకరి చొప్పున ప్రతినిధులను ఎన్నుకొన్నారు. ఆ మండలి బ్రతికినది సుమారు 50 రోజులే. డిసెంబరులో సభ్యులను ప్రభుత్వం నిర్బంధించింది.

1917 ఫిబ్రవరి విప్లవంలో అది మళ్లీ లేచింది. మార్చిలోనే పెట్రోగ్రాడ్ యజమానుల సంఘంతో ఒప్పందం చేసికొని ఎనిమిది గంటల పనిదినాన్ని, ఫ్యాక్టరీ కమిటీలకు గుర్తింపును సాధించింది. మాకు నోటికి వచ్చిన నినాదం ఆ తరువాతిది. దానిని లెనిన్ జూలైలో విరమించి, పెట్రోగ్రాడ్, మాస్కో సోవియట్లలో తన పక్షానికి ఆధిక్యం వచ్చాక సెప్టెంబరులో తిరిగి ఎత్తుకొన్నారు. ఈ సంగతి మమ్మల్ని చాలాకాలం కలవరపెట్టింది. 1921లో క్రోన్‌స్టాట్ నావికుల మొదటి కోరిక, సోవియట్లకు రహస్య ఓటుతో కొత్త ఎన్నికలు జరపాలని. గడ్డకట్టిన సముద్రం మీదుగా ఎర్రసైన్యం నడిచివెళ్లి వారిని అణచివేసింది. మాట మాత్రం దేశం పేరులో 1991 వరకు నిలిచింది.

మేము కూడా ఒక పర్యాయం వర్క్స్ కమిటీకి ఎన్నికైనాము. రాత్రి షిఫ్టుకు మంచినీటి కూలరు కావాలన్న అంశం మూడు సమావేశాల మినిట్సులో అలాగే ఉండిపోయింది. విసిగి నాలుగవ దానికి వెళ్లలేదు. గేటు దగ్గర నినాదాలు మాత్రం మానలేదు. మరుసటి ఏడు ఎన్నికైన ఫిట్టరు ఒకరు, ఏనాడూ గొంతెత్తి ఎరుగనివారు, ఒక్క సమావేశమూ తప్పక హాజరై ఆ కూలరు పెట్టించారు. ఆ నీరు మేమూ త్రాగినాము.