సెట్టులో పోయిన సాయిలు

మా పుట్టపర్తి స్కూలు బ్యాచ్ కలయికకి జాబితా పని నా నెత్తిన పడింది. పైథాన్ డిక్షనరీలో ఇప్పుడుంటున్న ఊరు కీ, పేర్ల లిస్టు వాల్యూ. (ఎవరో పెనుకొండని పెనుగొండ అని కొట్టారు, అదింకో కీ అయి కూర్చుంది!) కొందరు ఫారం రెండుసార్లు నింపారని లిస్టులన్నీ సెట్ చేసి పారేశా. వరస చెడింది. డిక్ట్.ఫ్రమ్‌కీస్ వాడితే సరిపోయింది, పైథాన్ 3.7 నుంచీ డిక్షనరీ వరస తప్పదు లెండి. ఆ జాబితా చూసే పిలుపులు పంపేశా.

తర్వాతెందుకో పాత లిస్టుల మీద కౌంటర్ నడిపితే పుట్టపర్తిలో 'సాయికుమార్' 4 సార్లు. మా ఊళ్ళో వీధికో సాయి ఉంటాడని నాకు తెలీదా! పేరుకి ఫోన్ నంబరు జతచేసి పోల్చా: మనుషులు ముగ్గురు, రెండుసార్లు నింపింది ఒక్కడే. ఇద్దర్ని చేజేతులా తీసేశా. ఫోన్ చేస్తే ఒకడు "ఏంరా, నేను డూప్లికేటా?" అని నవ్వాడు. రెండోవాడు ఇంకా ఎత్తలేదు.