పాచమ్ గుట్టమీది పేర్లు

తాడేపల్లిగూడెం

ప్రియమైన సుజాతా,

బ్రైటన్‌కి ఇల్లు మారుతున్నామని రాశావు. సామాన్లు సర్దుకున్నాక నాకో పని చేసిపెట్టాలి.

ఊరి బయట పాచమ్ గుట్టల మీద ఛత్రి అనే తెల్లని పాలరాతి స్మారకం ఉంటుంది. గడ్డిలో నడిచి ఎక్కాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ మన సిపాయిలకు ఆ ఊళ్లోని రాయల్ పెవిలియన్‌లోనే ఆసుపత్రి పెట్టారు. హిందువులకో కుళాయి, ముస్లింలకో కుళాయి; వంటశాలలు కూడా ఎవరివి వాళ్లకే. అంత శ్రద్ధగా చూశారు. అయినా దక్కని హిందువుల్నీ సిక్కుల్నీ ఆ గుట్టమీదికి మోసుకెళ్లి దహనం చేశారు. 53 మంది! చితులు పేర్చిన చోటే 1921లో ఛత్రి వెలిసింది. నమూనా గీసింది బొంబాయికి చెందిన యువ వాస్తుశిల్పి హెన్రిక్స్. అన్నీ చేశారు గానీ, ఆ 53 మంది పేర్లు చెక్కేసరికి 2010 వచ్చింది.

ఇరాక్‌లోని బస్రాలో మరీ అన్యాయం. అదే యుద్ధంలో పోయినవాళ్లకు కట్టిన 1929 నాటి స్మారకం మీద అధికారులకు పేర్లున్నాయి. మన మామూలు సిపాయిలు మాత్రం ఫలానా పటాలంలో ఇంతమంది అన్న అంకెలుగా మిగిలిపోయారు. హోదా చూడకుండా ప్రతి ఒక్కరినీ పేరుతో స్మరించాలని నియమం పెట్టుకున్న సంస్థే ఆ పని చేసింది! 2021లో క్షమాపణ చెప్పింది. టైగ్రిస్ మీద వంతెనలు కట్టిన మనవైపు సైనికులు, మద్రాస్ సాపర్లు, తిరిగిన నేల అది. అందుకే నాకు మరింత బాధ.

పదకొండు రూపాయల జీతానికి పోయినవాళ్లు స్వచ్ఛంద సైనికులేమిటని నువ్వోసారి వాదించావు. పంజాబులో ఒత్తిడి చేసి చేర్పించిన ఊళ్లున్న మాట నిజమే. కానీ మనవాళ్లకు నిర్బంధ సైనిక చట్టమంటూ లేదు. పది లక్షలకు పైగా మంది సముద్రం దాటారు. ఇంటి అప్పు తీర్చడానికి వెళ్లినవాడి ప్రాణం తక్కువదా? మా పక్కనున్న మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారని నీకు తెలుసుగా. తరతరాలుగా పటాలానికి మగపిల్లల్ని పంపిన ఆ ఊరివాళ్ల దగ్గర ఆ మాట అనగలవా?

ఏటా జూన్‌లో ఒక ఆదివారం ఛత్రి దగ్గర దండలుంచి నివాళులర్పిస్తారు. పిల్లల్ని కూడా తీసుకెళ్లు. పేరు, హోదా, పటాలం, రాతిమీద ఎలా ఉంటే అలా, 53 మందివీ రాసి పంపు. ఫోటో ఒక్కటీ చాలదు. మాధవరంలో రిటైరైన హవల్దారు మావయ్యకు చూపు ఆనదు, ఆయనకు ఒక్కొక్కటీ చదివి వినిపించాలి.

నీ
పద్మ